రెండు పాత చీరలు, ఒక స్టీలు డబ్బా

మా పర్లాకిమిడిలో స్టీలు సామాన్ల ఆవిడ గంప ఎత్తుకొని వీధిలోకొస్తే అమ్మకి పండగే, రెండు పాత చీరలూ నాన్న ప్యాంటూ పట్టుకెళ్లి గంటసేపు బేరమాడి చివరికి ఒక మూత డబ్బా తెస్తాది, ఆ ప్యాంటు నాన్న ఇంకా వేసుకుంటున్నదే అనుకోండి. అమ్మమ్మ కాలంలో అయితే కొండల్నుంచి సవర గిరిజనులు చింతపండు, చీపుర్లు తెచ్చి ఉప్పూ ఎండుచేపలూ పట్టుకెళ్లేవారట, ఎవరికి ఎక్కువ గిట్టేదో చెప్పక్కర్లేదు, తూకం మనోళ్ల చేతిలోనే కదా. 2016 నవంబర్‌లో 500, 1000 నోట్లు రద్దయినప్పుడు పక్కింటి పిల్లాడికి లెక్కలు చెప్పడం మొదలెట్టాను, ఫీజు బదులు వాళ్లమ్మ రోజూ అరలీటరు పాలు పోసేది, చేతిలో డబ్బులు ఆడాక కూడా అలాగే నడిచింది. వాడు టెన్త్ పాసయ్యాడు, ఇప్పుడు మాకు ప్యాకెట్ పాలే.