ఆగుతుందా, ఆగదా?

ఈ రోజు థియరీ ఆఫ్ కంప్యుటేషన్ (కంప్యూటర్‌కి ఏది సాధ్యం, ఏది కాదు అని చదివే సబ్జెక్టు), డేటాబేస్, అల్గారిథమ్స్ ల్యాబ్, చివర్లో నెట్‌వర్క్స్. టైంటేబుల్లో చూస్తే ఒకదాని మొహం ఒకటి ఎరగని సబ్జెక్టులు. అయినా రోజంతా ఒకటే ప్రశ్న నా వెంట పడింది: అవతలి నుంచి జవాబు రానప్పుడు ఎంతసేపు ఎదురుచూడాలి?

థియరీ క్లాసంటే సగం మందికి నిద్ర, మిగతా సగానికి టెన్షన్. నాకు మాత్రం ఈ సెమిస్టర్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే. సార్ ప్రొజెక్టర్ జోలికి పోరు. బోర్డు మీద రాస్తారు, చెరుపుతారు, మళ్ళీ రాస్తారు. మనం నోట్సులో ఎక్కించుకునేలోపు సగం చెరిగిపోతుంది. ఈ రోజు హాల్టింగ్ ప్రాబ్లమ్. ప్రశ్న వినడానికి చాలా అమాయకంగా ఉంటుంది. ఒక ప్రోగ్రామునీ, దానికిచ్చే ఇన్‌పుట్‌నీ చూసి, అది ఎప్పటికైనా ఆగుతుందా లేక తిరుగుతూనే ఉంటుందా అని ముందే చెప్పేసే ఇంకో ప్రోగ్రాము రాయగలమా? ఏ ప్రోగ్రామిచ్చినా సరే, తప్పు లేకుండా చెప్పాలి.

రాయలేం. ఎంత వేగమైన మెషీన్ తెచ్చుకున్నా రాయలేం.

రుజువు బోర్డులో పావు వంతు కూడా పట్టదు. అలాంటి ప్రోగ్రాము ఉందనే అనుకుందాం, పేరు హెచ్. దాన్ని కడుపులో పెట్టుకుని డి అని ఇంకోటి రాస్తాం. డికి ఏదైనా ప్రోగ్రాము కోడ్ ఇస్తే, "దీనికి దీని కోడ్‌నే ఇన్‌పుట్‌గా ఇస్తే ఆగుతుందా?" అని హెచ్‌ని అడుగుతుంది. ఆగుతుందని హెచ్ అంటే డి కావాలని అంతులేని లూపులో పడుతుంది. ఆగదంటే టక్కున ఆగిపోతుంది. ఇప్పుడు డికి డి కోడ్‌నే ఇచ్చి చూడండి. ఆగుతుందంటే ఆగదు, ఆగదంటే ఆగుతుంది. హెచ్ ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది.

బ్రిటన్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ ఈ దారి వేసింది 1936లో. ఆ పేపర్ పంపేనాటికి ఆయనకి 23 ఏళ్లు. అప్పటికి మనం ఇవాళ కంప్యూటర్ అంటున్న వస్తువే లేదు. అంటే యంత్రం పుట్టకముందే దానికి చేతకానిదేమిటో తేలిపోయిందన్నమాట. ఇంటర్వ్యూల కోసం ఫ్రేమ్‌వర్క్‌లు (రెడీమేడ్ కోడ్ చట్రాలు) బట్టీ పట్టేవాళ్లు ఈ సబ్జెక్టుని "పనికిరాని థియరీ" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫ్రేమ్‌వర్క్‌లు రెండేళ్లకోసారి మారిపోతాయి. ఈ రుజువు తొంభై ఏళ్లుగా అక్కడే ఉంది.

వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు: "మరి మనం రాసే ప్రోగ్రాములు ఆగుతాయని ఎలా చెప్తున్నాం సార్?" మంచి ప్రశ్న. చాలావాటికి విడివిడిగా రుజువు ఇవ్వొచ్చు అన్నారు సార్. ఫర్ లూపులో (ఒకే పనిని లెక్కపెట్టుకుంటూ మళ్ళీ మళ్ళీ చేసే కోడ్) ఐ అనే లెక్క ఒక్కొక్కటే పెరుగుతూ ఎన్ అనే హద్దు దగ్గరికి చేరుతుంది, అక్కడితో కథ ముగుస్తుంది. అన్నిటికీ పనికొచ్చే ఒకే పద్ధతి మాత్రం లేదు. ఆ మాట అంటూనే బోర్డు మీద నాలుగు లైన్లు రాశారు. సంఖ్య సరి అయితే సగం చెయ్యి, బేసి అయితే మూడుతో గుణించి ఒకటి కలుపు, ఒకటి వచ్చేదాకా ఇదే చేస్తూ పో. కొలాట్జ్ సమస్య ఇది. 2 యొక్క 68వ ఘాతం వరకు ఉన్న ప్రతి సంఖ్యతోనూ మొదలుపెట్టి చూశారు, అన్నీ ఒకటికే చేరాయి. కానీ ప్రతి సంఖ్యా చేరుతుందని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. నాలుగు లైన్ల కోడ్, స్కూలు పిల్లలకి అర్థమయ్యే లెక్క!

డేటాబేస్ క్లాసు గురించి రాయడానికేం లేదు. నార్మల్ ఫామ్స్, స్లైడ్లు, అటెండెన్స్.

మధ్యాహ్నం ల్యాబ్. మా కోడ్‌ని దిద్దేది ఆటోగ్రేడర్. ఒక్కో టెస్ట్ కేసుకి రెండు సెకన్లు ఇస్తుంది. దాటితే ఎర్రక్షరాల్లో "టైమ్ లిమిట్ ఎక్సీడెడ్". ఈ వారం ఇచ్చింది ఫిబొనాచీ, అంటే ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండిటి మొత్తమయ్యే వరస. ముందు మామూలు రికర్షన్‌తో (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం), తర్వాత మెమొయిజేషన్‌తో (వచ్చిన జవాబుల్ని రాసిపెట్టుకోవడం). మొదటిది కావాలనే నెమ్మదిగా నడిచేలా ఇచ్చారు, దాన్ని పరిశీలించడమే పని.

నా పక్క సిస్టమ్ వాడు 50వ సంఖ్య అడిగి రన్ కొట్టాడు. కర్సర్ మిణుకుమిణుకుమంటోంది, అంతకుమించి ఏమీ లేదు.

"ఏరా, ఇది లూపులో పడిందంటావా, లెక్కపెడుతోందంటావా?"

స్క్రీన్ చూసి చెప్పలేం. అందుకని డీబగ్గర్‌లో పెట్టి మధ్యలో ఆపి బ్యాక్‌ట్రేస్ తీశాం. ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్ని పిలిచి దాని కోసం కాచుకుని కూర్చుందో వరసగా కనిపిస్తుంది. అడుగున 50, దాని మీద 49, దాని మీద 48. పైకి వెళ్లేకొద్దీ చిన్న సంఖ్యలు. కాసేపు వదిలి మళ్ళీ ఆపాం. అడుగునున్నవి కదల్లేదు, పైనున్న చిన్నవి మాత్రం మారాయి. ఇంకోసారి ఆపితే ఇంకోలా ఉన్నాయి. అంటే ప్రోగ్రాము బతికే ఉంది, పైపైన తెగ కష్టపడుతోంది, కిందున్న పెద్దవాళ్లకి మాత్రం ఇంకా ఏ కబురూ అందలేదు. ఎందుకో కాగితం మీద లెక్కేస్తే తెలిసింది. 50వ సంఖ్య కోసం ఆ ఫంక్షన్ మొత్తం 4,000 కోట్ల సార్లకి పైగా పిలవబడుతుంది. అందులో 5వ సంఖ్యనే 183 కోట్ల సార్లు మళ్ళీ మళ్ళీ లెక్కగడుతుంది. వచ్చిన జవాబు రాసిపెట్టుకుంటే 49 కూడికలతో పని అయిపోతుంది.

కానీ గ్రేడర్‌కి ఇదంతా ఎందుకు? దాని దృష్టిలో నిమిషాల తర్వాత సరైన జవాబు చెప్పే ప్రోగ్రామూ, ఎన్నటికీ చెప్పని ప్రోగ్రామూ ఒకటే. ఇద్దరికీ అవే ఎర్రక్షరాలు. పొద్దున బోర్డు మీద చూసింది ఇదేగా అనిపించింది. తేల్చి చెప్పే దారి లేదు కాబట్టే గడియారం పెట్టారు. రెండు సెకన్లే ఎందుకని ల్యాబ్ మేడమ్‌ని అడిగితే, "మూడు పెడితే మూడెందుకని అడుగుతావు" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ అంతకన్నా నిజాయితీ గల సమాధానం ఇంకేం ఉంటుంది?

పని త్వరగా అయిపోతే కొలాట్జ్ లైన్లు టైప్ చేసి 27 ఇచ్చాను. చిన్న సంఖ్యే కదా అనుకుంటాం. 9232 దాకా ఎగబాకి, 111 అడుగులు వేసి గానీ ఒకటికి రాలేదు. పక్కనున్న 26కి పది అడుగులు చాలు. ఆ తేడా చూశాక ఈ సమస్య జోలికి వెళ్లినవాళ్లు ఎందుకు బయటపడలేరో కొంచెం అర్థమైంది.

నెట్‌వర్క్స్‌లో మళ్ళీ ఎదురుచూపే. ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్క) పంపాం, అందిందన్న కబురు రాలేదు. ప్యాకెట్ పోయిందా, కబురు పోయిందా, దారిలో రద్దీగా ఉందా, అవతలి మెషీనే పడిపోయిందా? పంపినవాడికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. పోయిందనుకుని తొందరపడి మళ్ళీ పంపితే రద్దీ ఇంకా పెరుగుతుంది. 1986 అక్టోబరులో జరిగింది అలాంటిదే. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కీ, బర్కిలీ యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు. ఆ దారిలో సెకనుకి 32 వేల బిట్లు వెళ్లాల్సింది 40 బిట్లకి పడిపోయింది. వేలు కాదు, నలభై! దాని మీద ఆ ల్యాబ్ పరిశోధకుడు వాన్ జేకబ్సన్ రాసిన 1988 పేపర్లో, ఎంతసేపు ఎదురుచూడాలో టీసీపీ (పోయిన ప్యాకెట్లని మళ్ళీ పంపే ఇంటర్నెట్ నియమావళి) లెక్కవేసుకునే పద్ధతి కూడా ఉంది.

హోంవర్క్ అదే. ఇప్పటిదాకా కబురు రావడానికి పట్టిన సగటు 100 మిల్లీసెకన్లు, అటూ ఇటూ ఊగిసలాట 10. సగటుకి ఊగిసలాటని నాలుగింతలు చేసి కలపాలి, అంటే 140 దాకా చూస్తాం. ఇప్పుడు ఒక ప్యాకెట్‌కి 180 పట్టింది. కొత్త కొలతకి సగటులో ఎనిమిదో వంతే బరువు, అందుకే సగటు 110కి మాత్రమే పెరిగింది. ఊగిసలాటలో నాలుగో వంతు బరువు, అది 27.5 అయింది. కొత్త గడువు 220. ఒక్క ఆలస్యానికి సగటు పెద్దగా కదల్లేదు గానీ ఓపిక మాత్రం ఎనభై మిల్లీసెకన్లు పెరిగింది. మేడమ్ గారి రెండు సెకన్లలా ఇది ఎవరో పెట్టిన అంకె కాదు, అనుభవాన్ని బట్టి మారుతూ పోయేది. గ్రేడర్‌కి కూడా ఇలాంటిది పెట్టొచ్చా అని ఆలోచించాను. కుదరదు. ఒక ప్రోగ్రాముకి పట్టిన టైము ఇంకో ప్రోగ్రాము గురించి ఏమీ చెప్పదు. ప్యాకెట్లన్నీ నడిచేది ఒకే దారిలో కాబట్టి అక్కడ నడిచింది.

రెండో లెక్కలో కబురు అసలు రాదు. అప్పుడు గడువుని రెట్టింపు చేసుకుంటూ పోవాలి: 220, 440, 880. ఎన్నిసార్లయ్యాక ఆశ వదులుకోవాలో ప్రశ్నలో ఇవ్వలేదు. రేపు క్లాసులో అడగాలి.