మెట్టుగూడ ఇంట్లో మూడవ రోజు

ఉదయం ఏడు దాటాక ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, మెట్టుగూడలో దిగి, రైల్వే కాలనీ గోడ వెంబడి నడిచి ఆ ఇంటికి చేరేసరికి ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుంది. హోమ్ కేర్‌లో నాకిది మొదటి కేసు, ఈ రోజు మూడవ రోజు. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివి, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కూడా అయ్యాక, ఆసుపత్రిలో కాకుండా ఇళ్లకు వెళ్లి చేసే పనిలో చేరానని చెబితే నాతో చదివినవాళ్లలో చాలామంది ఆశ్చర్యపోయారు. తాతయ్య చివరి ఏడాదంతా మంచం మీద ఉన్నప్పుడు, ఆయనను ఎటు తిప్పాలో, ఎలా లేపాలో తెలియక మా అమ్మ పడిన కష్టం చూసినదాన్ని కనుక, నాకు ఈ పనే కావాలనిపించింది.

లోపలికి వెళ్లగానే టీపాయ్ మీద పాత న్యూస్‌పేపరు పరిచి, దాని మీద బ్యాగు పెట్టి, చేతులు కడుక్కున్న తరువాతే బ్యాగు తెరుస్తాను. మూడవ సంవత్సరంలో పల్లెలకు కమ్యూనిటీ పోస్టింగ్‌కు వెళ్లినప్పుడు మా మేడమ్ ఈ పేపరు విషయంలో ఎంత పట్టుబట్టేవారో గుర్తుకొచ్చింది. అప్పట్లో అది పరీక్ష కోసం నేర్చుకునే పద్ధతిలా తోచేది. పక్క గదిలో చంటిపిల్లాడు పాకుతున్న ఇంట్లో, వంటగది కుళాయి దగ్గరే చేతులు కడుక్కోవలసి వచ్చినప్పుడు, ఆమె అంత గట్టిగా ఎందుకు చెప్పారో బోధపడింది.

పెద్దాయన రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ముక్కు పైపు, యూరిన్ బ్యాగు, చాలా ఏళ్లుగా షుగర్. మాట లేదే కాని, మనం చెప్పేది చాలావరకు ఆయనకు అర్థమవుతుంది. దూరంగా రైలు కూత వినబడితే చాలు, ఆయన కళ్లు గోడ గడియారం వైపు తిరుగుతాయి.

ఈ రోజు జరిగిన అసలు విషయం ఇన్సులిన్ గురించినది. మొదటి రెండు రోజులూ నేను వచ్చేలోపే ఆ ఇంటి కోడలు ఇంజెక్షన్ ఇచ్చేసి బ్యాంకుకు బయలుదేరేవారు. ఈ రోజు పిల్లాడికి జ్వరం వచ్చి ఆలస్యమైనందువల్ల, "సిస్టర్, ఇవాళ మీరే ఇచ్చేయండి, 20 యూనిట్లు" అన్నారు. ఫ్రిజ్ తలుపు అరలోనుంచి సీసా తీసి లేబుల్ చదివాను, మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని ఉంది. సిరంజి కవరు విప్పబోతూ ఆగిపోయాను. దాని మూత ఆరెంజ్ రంగులో ఉంది. అది మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం గీతలు పెట్టిన సిరంజి. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి వాడాలి. మేము శిక్షణ పొందిన ఆసుపత్రిలో ఎర్ర మూత సిరంజి తప్ప మరొకటి కనిపించేది కాదు, అందుకే ఈ తేడాను పుస్తకంలో చదివానే గాని ఎన్నడూ చేతిలో పట్టుకుని చూడలేదు.

పేపరు అంచున లెక్క వేశాను. ఆరెంజ్ మూత సిరంజిలో 20వ గీత వరకు తీస్తే వచ్చేది 0.2 మిల్లీలీటర్లు, ఈ సీసాలోని మందైతే అది 8 యూనిట్లే. అంటే ఇరవై అనుకుంటూ ఇన్నాళ్లూ ఎనిమిదే ఇస్తున్నారు. పరగడుపు షుగర్ ఈ ఉదయం కూడా 286 ఎందుకుందో అప్పుడు తెలిసింది. వెంటనే ఎర్ర మూత సిరంజి తెప్పించి సరిగ్గా 20 యూనిట్లు ఇచ్చేద్దామని చెయ్యి ముందుకు వెళ్లింది, కాని ఫైలు తిరగేస్తే మరొక సంగతి కనబడింది. మొదట డాక్టరు గారు రాసింది 14 యూనిట్లే, షుగర్ తగ్గడం లేదని 20కి పెంచారు. ఆ పెంపు తక్కువ మందు వెళుతున్నప్పటి రీడింగులను చూసి చేసినది. ఇప్పుడు నిజంగా ఇరవై ఇస్తే, శరీరానికి ఇన్నాళ్లూ అందినదానికి అది రెండున్నర రెట్లు. షుగర్ పడిపోతే, కళ్లు తిరుగుతున్నాయనో, చెమటలు పడుతున్నాయనో చెప్పుకోవడానికి ఆయనకు నోట మాట లేదు.

వార్డులో అయితే ఇలాంటి సమయంలో పక్క మంచం దగ్గరున్న సీనియర్ సిస్టర్ వైపు ఒక్కసారి చూస్తే సరిపోయేది. ఇక్కడ నేను చూడగలిగింది దేవుడి గదిలో దీపం వెలిగిస్తున్న పెద్దాయన భార్య అమ్మమ్మగారిని మాత్రమే. మా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, ఆమె ద్వారా డాక్టరు గారితో మాట్లాడి, సీసా, సిరంజి, ఇన్నాళ్ల లెక్క అన్నీ వరుసగా చెప్పాను. ఆయన నన్ను మళ్లీ ఒకసారి లేబుల్ చదవమని, సరైన సిరంజితో ఈ పూటకు 10 యూనిట్లు ఇమ్మని, మధ్యాహ్నం, సాయంత్రం షుగర్ చూసి చెబితే రాత్రి మోతాదు సంగతి చూద్దామని అన్నారు.

ఆ తరువాత చేయవలసిన పని నాకు ఇంజెక్షన్ కంటే కష్టమనిపించింది. రోజూ తెల్లవారకముందే లేచి, వంటా పిల్లాడిపనీ చూసుకుంటూ, భయపడుతూనే మామగారికి సూది వేయడం నేర్చుకున్న మనిషికి, మీరు వేసినది సరిపోలేదని అత్తగారి ఎదుట చెప్పలేను. వంటగదిలోకి వెళ్లి, "అక్కా, మందుల షాపువాళ్లు ఈ సీసాకు పనికిరాని సిరంజి ఇచ్చారు" అని మొదలుపెట్టి, రెండు మూతలనూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్ని రోజులూ నేనేనా సిస్టర్" అన్నారు. మూతల రంగు గురించి ఎవరూ చెప్పకపోతే ఎవరికీ తెలియదని, పైగా ఇంజెక్షన్ చోటు మార్చుతూ ఆమె ఎంత శ్రద్ధగా వేశారో పొట్ట మీద ఎక్కడా గడ్డ కట్టకపోవడమే చెబుతోందని అన్నాను. ఓదార్పు కోసం అన్న మాట కాదది, నేను స్వయంగా చూసిన విషయం. మిగిలిన ఆరెంజ్ మూత సిరంజిలన్నిటినీ ఆమే ఏరి వేరే కవరులో కట్టేశారు.

మధ్యాహ్నం 212, సాయంత్రం 188. రాత్రికి 6 యూనిట్లన్నారు.

మిగతా పనులు ఎప్పటిలాగే సాగాయి. తల వైపు ఎత్తుచేసి, పైపు మీది గుర్తు చూసుకుని, రెండుసార్లు వడకట్టిన రాగిజావ నిదానంగా పోసి, చివర కాసిన్ని నీళ్లు పంపాను. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడానికి అమ్మమ్మగారు తమ పాత నేతచీరను నాలుగు మడతలు వేసి ఆయన కింద పరిచారు, దానిని రెండువైపులా పట్టుకుని జరిపితే చర్మం రాసుకోదు. నడుము కింద నిన్న కనిపించిన ఎరుపు ఈ రోజు వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ రంగు వస్తోంది, అది మంచి గుర్తు.

ఎడమ పక్కకు తిప్పుతుండగా అమ్మమ్మగారు నా భుజం పట్టి ఆపారు. "ఆగమ్మా, ఆయనకు నొప్పెడుతోంది." నేను ముఖం వంకే చూస్తున్నాను, ముఖంలో ఏమీ లేదు. ఆమె ఎడమకాలి బొటనవేలు చూపించారు. అది లోపలికి ముడుచుకుని ఉంది. కుడి భుజం కింద దిండు సరిచేసి ఒక నిమిషం ఆగితే, వేలు మెల్లగా విచ్చుకుంది. నొప్పిని అంకెలలో అడిగి రాసుకోవడం, ముఖం చూసి అంచనా వేయడం నేర్చుకున్నాను గాని, యాభై ఏళ్ల కాపురం చేసిన మనిషికి తెలిసిన ఈ వేలి సంగతి నాకు ఎక్కడ దొరుకుతుంది?

ఎనిమిదింటికి రాత్రి డ్యూటీ ఆయా వచ్చేలోపు రిపోర్టు పుస్తకం పూర్తిచేశాను. బీపీ, షుగర్, యూరిన్, పోసిన జావ, తిప్పిన వేళలు, వేటి గడి వాటికుంది. వేలి గురించి రాయడానికి గడి లేదు. పేజీ అడుగున గీత గీసి, ఆయాకు చదవడానికి వీలుగా పెద్ద అక్షరాలతో రాశాను: "తిప్పేటప్పుడు ఎడమకాలి బొటనవేలు చూడాలి. ముడుచుకుంటే ఆపి, దిండు సరిచేయాలి."