కొల్లాపూర్ దాకా నాలుగు డైరీ మిల్కులు

మే నెల రెండో వారంల కొల్లాపూర్ పోయిన, అక్కోళ్లింటికి. మామిడి సీజన్, వారం నుంచి అక్క ఒకటే ఫోన్లు, "తమ్మీ, బేనిషాన్ దించుతున్రు, ఇప్పుడు రాకుంటే అన్నీ లారీలెక్కి పోతయ్" అని. సరే అని పొద్దున తొమ్మిదింటికి ఎంజీబీఎస్‌ల బస్సెక్కిన. పిల్లలున్న ఇంటికి ఉత్తచేతుల్తోని ఎట్ల పోతం, అందుకని బస్టాండ్ దగ్గర ఒక దుకాణంల డైరీ మిల్క్ పెద్ద బార్లు నాలుగు కొన్న, ఫ్రిజ్‌లకెల్లి తీసిచ్చిండు, మస్తు సల్లగున్నయ్, సంచిల బట్టల నడుమ పెట్టి నా అంత తెలివిగల్లోడు లేడనుకున్న.

షాద్‌నగర్ దాకా ఏం గాలేదు. జడ్చర్ల వచ్చేసరికి కిటికీలకెల్లి వచ్చేది గాలి కాదు, పొయ్యి సెగ. అనుమానమొచ్చి సంచిల చెయ్యి పెడితే బార్లు వాటర్ ప్యాకెట్ ఒత్తినట్టు మెత్తగ తగిలినయ్. కోకో వెన్న కరిగేది దాదాపు 34 డిగ్రీల కాడ, మన ఒంటి వేడి 37, అందుకే నోట్లె పెట్టంగనే కరిగిపోతది, దాని మజా అంత అదే. గని పాలమూరు మే నెలకు నోరు దాకా పోయే ఓపిక లేదు, సంచిలనే పని కానిస్తది.

నాది ప్యాకింగ్ డిజైన్ పని, కవర్లు చూసుడే నా బతుకు, అందుకని ఈ బార్ కథ నాకు కొంచెం ఎక్కువనే తెలుసు. భూత్‌పూర్ కాడ హైవే దిగినంక రోడ్డు మీద చూసేటందుకు ఏం లేదు, ఎండిన చెల్కలు, గుట్టలు, ఇగ అదే ఆలోచించుకుంట కూసున్న. ఇంగ్లండ్‌ల బర్మింగ్‌హామ్‌ల 1824ల జాన్ క్యాడ్‌బరీ అనేటాయన బుల్ స్ట్రీట్‌ల దుకాణం పెట్టిండు, టీ, కాఫీ, తాగే చాక్లెట్ అమ్మేటోడు. వాళ్లు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖోళ్లు, మందు తాగుడు పాపం అనుకునేటోళ్లు, జనం సారా బదులు ఇవి తాగాలె అని ఆయన ఆశ. కొడుకులు రిచర్డ్, జార్జ్ 1879ల ఊరి బయట బోర్న్‌విల్‌ల ఫ్యాక్టరీ కట్టిన్రు, తర్వాత జార్జ్ పక్కనే ఇండ్లు, తోటలతోని ఒక ఊరే లేపిండు, ఆ ఊర్ల మందు దుకాణం లేకుండ చేసిండు. ఈ ముచ్చట మా బావకు చెప్తే "కల్లు కాంపౌండ్ లేని ఊరా, అండ్ల మనుషులు ఎట్లుంటరు" అని అన్నం తినుకుంటనే నవ్విండు.

అసలు పాల చాక్లెట్ వీళ్లు కనిపెట్టింది కాదు. 1875ల స్విట్జర్లాండ్‌ల డేనియల్ పీటర్ చేసిండు, చాన ఏండ్లు ఆ స్విస్ సరుకుదే రాజ్యం. వాళ్లను కొట్టాలనే 1905ల క్యాడ్‌బరీ వాళ్లు పాలు ఎక్కువ పోసి ఈ బార్ తెచ్చిన్రు. పేరు హైలాండ్ మిల్క్ పెడదామా, జెర్సీ పెడదామా, డైరీ మెయిడ్ పెడదామా అని అనుకోని అనుకోని చివరికి డైరీ మిల్క్ కాడ ఆగిన్రు. చూడున్రి, చాక్లెట్ అమ్ముతున్రు గని పేర్ల చాక్లెట్ అనే మాటే లేదు, రెండు మాటలూ పాల గురించే. నాకైతే ఆ కంపెనీ మొత్తం చరిత్రల అన్నిటికన్న తెలివైన పని అదే అనిపిస్తది. 1928ల ఇంకో అడుగేసి, అరపౌండు బార్ల గ్లాసున్నర పాలున్నయ్ అని చెప్పుడు షురూ చేసిన్రు, అప్పట్నుంచి కవర్ మీద ఆ గ్లాసులు ఒలుకుతనే ఉన్నయ్. తల్లులకు పాలంటే భయం లేదు కదా.

నాగర్‌కర్నూల్‌ల బస్సు పది నిమిషాలు ఆగింది. సోడా తాగి మళ్ల సంచి ముట్టలే, ముట్టబుద్ధి కాలే.

కొల్లాపూర్ చేరేసరికి రెండు దాటింది. అక్క ఆ నాలుగు తీస్కపోయి ఫ్రిజ్‌ల పడేసింది, సాయంత్రం తీస్తే గట్టిగైతే అయినయ్ గని ఒకటి పడవ లెక్క, ఒకటి చెప్పు లెక్క, గడులన్నీ పోయినయ్, పైన తెల్లగ బూజు పట్టినట్టు. అది బూజు కాదు, కరిగిన కోకో వెన్న పైకి తేలి మళ్ల గడ్డకడితే అట్లనే అయితది, తింటే ఏం గాదు. ఎవరికి చెప్పాలె? కోడలు ఒక ముక్క నాకి చూసి "మామా, ఇది డైరీ మిల్క్ కాదు" అన్నది. నాలుగో తరగతి పిల్ల. కవర్ సూపెట్టిన, పేరు సూపెట్టిన, ఊహు. గడి గడి తుంచుకుంట తమ్మునితోని లెక్కపెట్టి పంచుకునుడు లేకుంటే అది డైరీ మిల్క్ ఎట్లయితది అని దాని వాదన. వందేండ్ల బ్రాండింగ్ అంత ఆ గడులల్ల ఉన్నదని నాకు మా ఆఫీసుల ఎవ్వరూ చెప్పలే.

ఇగ పొద్దుగూకినంక పిల్లలిద్దర్నీ ఎంబడి తీస్కోని బజార్ల కిరాణం షాపుకు పోయినం. సేటు ముసలాయన, గల్లా పక్కన చిన్న ఊదా రంగు ఫ్రిజ్, అప్పుడే కరెంట్ వచ్చినట్టుంది, గుర్రుమంటున్నది. "ఎండకాలం పెద్దయి పెట్ట తమ్మీ, కరెంట్ రెండు గంటలు పోతే నా పెట్టుబడి పాయె, పది రూపాయలదే పెడుత, పెద్దయి రాఖీకి తెస్త" అన్నడు. ఇంకోటి కూడ చెప్పిండు, ఊర్లకెల్లి వచ్చే ముసలోళ్లు పేరు అడగరంట, "మనుమడు వంకాయ రంగుది తెమ్మన్నడు" అంటరంట. నేను నవ్వలే. ఆ రంగు ఒక్క తమదే కావాలని ఇంగ్లండ్‌ల ఆ కంపెనీ నెస్లేతోని ఏండ్ల తరబడి కోర్టుల కొట్లాడి 2013ల ఓడిపోయింది. జడ్జీల ముందట మా సేటును నిలబెట్టి ఉంటే కేసు ఇంకో తీరుంటుండెనేమో.

నాకు మాత్రం చిన్నప్పుడు అది ఊదా రంగని తెల్వనే తెల్వది. మా ఇంట్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ. 1994ల క్రికెట్ యాడ్ వచ్చింది కదా, బ్యాట్స్‌మన్ సిక్స్ కొట్టంగనే పూల గౌను పిల్ల గ్రౌండ్‌ల ఉరికి డాన్స్ చేస్తది, యాడ్లు రాసే పీయూష్ పాండే రాసిన యాడ్. మాకు ఆ గౌనూ బూడిద రంగే, చాక్లెట్టూ బూడిద రంగే. 1948ల నుంచే వాళ్లు మన దేశంల అమ్ముతున్నా చాక్లెట్ అంటే పిల్లలదే అని లెక్క, పెద్దోళ్లు తిన్నా సిగ్గుపడొద్దు అని చెప్పింది ఆ యాడే. 2021ల మళ్ల తీసిన్రు, ఈసారి కొట్టింది ఆడపిల్ల, ఎగిరింది పిలగాడు. మా కోడలుకు ఆ రెండోదే తెలుసు.

అప్పటి కవర్ వేరే ఉండె, లోపల వెండి కాయితం, పైన పేపర్. వెండి కాయితాన్ని గోరుతోని సాపు చేసి పుస్తకంల దాసుకునేటోళ్లం. 2003ల మహారాష్ట్రల చాక్లెట్లల్ల పురుగులొచ్చినయని పెద్ద లొల్లి అయితే ఆ తర్వాత సీలు ప్యాకింగ్ తెచ్చిన్రు, నమ్మకం కోసం అమితాబ్ బచ్చన్‌ను తెచ్చిన్రు, ఇగ పండుగైనా జీతమొచ్చినా తీపి అంటే ఇదే అన్నట్టు 'కుచ్ మీఠా హో జాయే' అని మోగించిన్రు. కొల్లాపూర్‌ల పెండ్లికి ఇప్పటికీ లడ్డే పెడుతున్రు, అది వేరే సంగతి.

తెల్లారి సోమశిల పోయినం. శ్రీశైలం ప్రాజెక్టుల మునుగుతదని పాత గుడిని ఇప్పి పైకి తెచ్చి కట్టిన్రు, ఎండకాలం కదా, కృష్ణ చాన దూరం జరిగింది. మెట్ల మీద కూసోని బావ అడిగిండు, ఆ కోకో చెట్టేదో మన మామిడి తోటల పెట్టరాదా అని. ఏలూరు దిక్కు కొబ్బరి తోటలల్ల పెడ్తరు బావా, దానికి నీడ గావాలె, తడి గావాలె అన్న. బావ ఎదురుంగ ఉన్న గుట్టల్ని చూసి ఇగ ఏం మాట్లాడలే.

ఆ పడవనూ చెప్పునూ ఏం చేసినవే అని అక్కనడిగితే, వేడి పాలల్ల ఏసి గిలకొట్టి పిల్లలకు తాపింది అంట. గ్లాసు నిండ తాగి ఇంకో సగం అడిగిన్రంట ఇద్దరు.

మూడోరోజు మామిడిపండ్ల డబ్బా పట్టుకోని బస్సెక్కుతుంటే కోడలు కిటికీ కాడికొచ్చి అన్నది, "మామా, ఇగ దసరాకు రా. అప్పుడైతే గట్టిగుంటది."