ముల్లు తీసిన చేప

"ముళ్ళుంటాయని కాదమ్మా. ముళ్ళెలా తినాలో నువ్వు చెప్తూనే ఉంటావు, అందుకే నాకొద్దు" అన్నాడు మావాడు, పైక్ (ఇక్కడి లేకుల్లో దొరికే పొడుగు చేప) పులుసు గిన్నె పక్కకి జరిపేసి. వాడికి పదకొండేళ్ళు. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్ళనుంచి వచ్చినదాన్ని, నా కడుపున పుట్టినవాడు ముల్లంటే మొహం తిప్పుకోవడమేంటని రోషం వచ్చింది. వారం మధ్యలో నేను వండేది ఫ్రీజర్లోంచి తీసిన ముల్లులేని తిలాపియానే అన్న సంగతి ఆ రోషంలో గుర్తురాలేదు.

చెప్పొద్దన్నాడు కాబట్టి వాడికి చెప్పాల్సినవన్నీ ఇక్కడ చెప్తున్నాను. అమెరికాలో, మా మిన్నెసోటాలో పిల్లల్ని వసంతం మొదట్లో గాలానికి తీసుకెళ్ళేవాళ్ళకి పనికొస్తాయి.

మినియాపోలిస్ చుట్టుపక్కల లేకుల మీద మంచు మామూలుగా ఏప్రిల్ మధ్యకల్లా పోతుంది. ఉత్తరాదిన ఇంకా ఆలస్యం. క్రాపీ అనే చిన్న లేకు చేపని ఏడాది పొడుగునా పట్టుకోవచ్చు, మనిషికి రోజుకి 10 (కొన్ని లేకుల్లో ఇంకా తక్కువ, ముందే చూసుకోండి). పైక్‌కి మాత్రం ఫిబ్రవరి చివరినుంచి మే మధ్యదాకా సెలవు, అంటే పట్టి ఉంచుకోకూడదు. ఇక్కడి పిల్లలకి 16 ఏళ్ళ లోపు లైసెన్సు అక్కర్లేదు. పిల్లాడి కోసమే వచ్చానంటూ మీరూ ఓ గాలం వేస్తే మాత్రం మీకు కావాలి.

ఎక్కడ వెయ్యాలి? ఉత్తరపు ఒడ్డున, అడుగున నల్లటి బురద ఉన్న లోతు తక్కువ మూలల్లో. ఎండ దక్షిణంనుంచి ఏటవాలుగా వస్తుంది, ఉత్తరపు చలిగాలికి ఒడ్డే అడ్డు, నల్ల బురద వేడిని పీల్చుకుంటుంది. మిగతా లేకు 42 డిగ్రీల (ఫారెన్‌హీట్) దగ్గరుంటే ఆ మూల 50కి చేరుతుంది. చిన్న చేపలు అక్కడికే వస్తాయి, వాటి వెనకే క్రాపీ. గుడ్లు పెట్టడానికి కాదు, తిండికి. గుడ్ల కాలం నీళ్ళు 60 దాటాకే. అందుకని పొద్దున్నే లేపి పిల్లల ప్రాణం తియ్యకండి, మధ్యాహ్నం రెండు దాటాక వెళ్ళినా చాలు. నేనూ చాలాకాలం తెల్లవారుజామునే లేపాను. మా నాన్న అలాగే లేపేవారు, అంతకుమించి కారణం లేదు. చలిగాలి తిరగబెట్టిన మర్నాడు ఆ మూల ఖాళీ. చేపలు పక్కనున్న లోతులోకి, 8-12 అడుగులకి జారిపోతాయి. అక్కడ వెయ్యండి.

సన్నటి 4 పౌన్ల లైను చాలు. వరసగా ముందు దారపు ముడి, తర్వాత చిన్న పూస, తర్వాత జారే బెండు, కింద 1/32 ఔన్సు జిగ్గు (తలకి బరువున్న చిన్న గాలం). పూస మర్చిపోతే ముడి బెండు కన్నంలోంచి దూరిపోతుంది, ఎర అడుగుకి పోతుంది. పిల్లలు కట్టిన గాలాల్లో ఎక్కువగా జరిగే పొరపాటిదే. బరువుకి సీసం వద్దు, తగరం గుళ్ళు దొరుకుతాయి. సీసం మింగి ఇక్కడి లూన్ పక్షులు చచ్చిపోతాయి. బెండు నీళ్ళలో దాదాపు మునిగి కొసమాత్రం కనపడేంత బరువుండాలి. క్రాపీ కిందికి దిగి తినదు, పైకి లేచి తింటుంది, అందుకే ఎర దానికి కాస్త పైనే ఉండాలి. మూడడుగుల నీళ్ళలో అడుగున్నరకి కట్టండి. ఎర అందుకుని పైకి లేచినప్పుడు బెండు మునగదు, పక్కకి వాలిపోతుంది. వాలినా పట్టినట్టే. అప్పుడు గట్టిగా లాగారో, దాని పెదవి కాగితంలా చిరిగి గాలం ఊడొస్తుంది. మెల్లగా చుట్టాలి. "లాగు, లాగు" అని వెనకనుంచి అరిచేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

బతికున్న ఎర చేపల్ని లేకు నీళ్ళలో ఇంటికి తేకూడదు. ఒడ్డునే ఆ నీళ్ళు పారబోసి వేరే నీళ్ళు పోయాలి, అక్కర్లేని ఎర చెత్తబుట్టలోకి. పడవలో 10 ఏళ్ళలోపు పిల్లలకి లైఫ్ జాకెట్ చట్టం. ఆ చలి నీళ్ళలో పడితే పెద్దవాళ్ళకీ కాళ్ళూచేతులూ నిమిషాల్లో పనిచెయ్యవు. మావాడికి జాకెట్ బిగించి నేను మానేస్తుంటాను, వాడది లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆ మూలల్లోనే పైక్ కూడా ఉంటుంది, మంచు కరగ్గానే గడ్డి నీళ్ళలో గుడ్లు పెట్టి ఆకలిమీద. క్రాపీ గాలానికి అదొస్తే సన్న లైను పళ్ళకి తెగిపోతుంది. తెగకుండా వస్తే చేపని నీళ్ళలోనే ఉంచి, పొడుగు ముక్కు పట్టకారుతో గాలం తీసి వెంటనే వదిలెయ్యాలి. పట్టిన చేపని వదలడం మా ఊళ్ళో లేని విద్య. నా చెయ్యి రాదు, మావాడి చెయ్యి చకచకా వస్తుంది.

మే మధ్యలో పైక్‌కి తలుపు తెరుస్తారు. అప్పుడు 12 అంగుళాల స్టీలు తీగ ముందు కట్టి, ఎరుపు తెలుపు స్పూను (చెంచా ఆకారపు రేకు ఎర), మొలకెత్తే నాచు అంచున, నీళ్ళింకా చల్లనే కాబట్టి మెల్లగా. 2018నుంచి రాష్ట్రాన్ని పైక్ కోసం మూడు భాగాలు చేశారు. ఉత్తర మధ్య భాగంలో రోజుకి 10 ఉంచుకోవచ్చు, 22నుంచి 26 అంగుళాలవి వదలాలి, 26 దాటినవి రెండే. చిన్న పైక్‌లు మరీ ఎక్కువైపోయాయని ఈ లెక్క. అంటే మన గిన్నెలోకి వచ్చేవి చిన్నవే. పాదరసం తక్కువ కాబట్టి పిల్లలకి అవే నయం, కానీ ముల్లు సన్నం. చూడటానికి కొర్రమీనులా పొడుగ్గా ఉంటుంది గానీ, లోపల వీపు కండలో వై ఆకారపు ముళ్ళ వరస.

దాన్ని నేను అడ్డంగా ముక్కలు కొట్టేదాన్ని. అలా కొడితే ప్రతి ముక్కలోనూ ముల్లే. పక్కవీధి తాతగారు మావాడికి వేరేలా నేర్పారు. చేపని బోర్లా నిలబెట్టి, తల వెనక కత్తి దించి, ముళ్ళు తగలగానే పడుకోబెట్టి వీపు రెక్కదాకా జార్చాలి. మొదటి పట్టీ ఊడొస్తుంది. అప్పుడు రెండు వరసల తెల్ల చుక్కలు కనిపిస్తాయి, అవే ముళ్ళ కొసలు. వాటి బయటి అంచునే, ముళ్ళ వంపుని తాకుతూ కిందికి కోస్తే అటొకటి, ఇటొకటి. తోక వైపు ముళ్ళుండవు, అక్కణ్ణుంచి ఇంకో రెండు. మొత్తం ఐదు. కత్తి మొద్దుగా ఉంటే చుక్కలు తెగి ముల్లు కండలో ఉండిపోతుంది.

ముల్లు తినడం నేర్పాలని రెండేళ్ళు పోరాను. తీసెయ్యడం వాడికి ఒక్క మధ్యాహ్నంలో వచ్చింది. నేను కాపాడాలనుకున్నది చేపనా, ముల్లునా, లేక నా మాట వినిపించుకునే ఒక పిల్లాణ్ణా అని ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నాను. ఐదు పట్టీలూ వాడికి వేపుడు. మిగిలిన ముళ్ళ వెన్ను, తల చింతపండు పులుసులో నాకు. ఆ పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఆ మాట మాత్రం వాడికి చెప్పలేదు.