డాలస్‌లో లైటు, భీమవరంలో చెరువు గట్టు

వేసవి సెలవులకి భీమవరం దగ్గర మా ఊరు బయల్దేరుతుంటే మా అమ్మాయికి ఒకటే బెంగ, డాలస్ ఇంట్లో వదిలి వెళ్లే ఉప్పునీటి ఎక్వేరియం. మేత వేయడానికి పక్కింటివాళ్లు ఒప్పుకున్నారు. లైటు మాత్రం ఎవరికీ అప్పజెప్పదట. ఫోన్‌లో యాప్ ఉంది కాబట్టి తనే చూసుకుంటుందట.

ఆ లైటు కొనేటప్పుడే నాకూ ఈ గొడవ కాస్త తలకెక్కింది. చేపలు మాత్రమే ఉంటే మామూలు ఎల్ఈడీ చాలు, అది మనం చూసుకోవడానికే. కోరల్స్, అంటే పగడాలు పెడితే లెక్క వేరు. వాటి ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురముంటుంది, వెలుతురుతో అది తయారుచేసే తిండే కోరల్‌కి ఆధారం. సముద్రంలో ఎరుపు కాంతి పైపైనే ఆగిపోతుంది, లోతుకి దిగేది నీలం. అందుకని 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల నీలం గట్టిగా ఉండి, నీలాన్నీ తెలుపునీ విడివిడిగా పెంచి తగ్గించుకునే లైటు చూసుకోవాలి. కొత్తవాళ్లు మష్రూమ్, జోయాంథిడ్ లాంటి మెత్తటి కోరల్ రకాలతో మొదలుపెట్టడం మేలు. నాచుకి పనికొచ్చే వెలుతురు ఎంతుందో కొలిచే పార్ మీటరులో 50 నుంచి 150 చూపిస్తే వాటికి సరిపోతుంది. కొత్త కోరల్ వచ్చిన రోజు వెలుతురు బాగా తగ్గించి, వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. తొందరపడితే లోపలి నాచు పోయి తెల్లగా పాలిపోతుంది.

మా టైమరు మధ్యాహ్నం 12కి వెలిగి రాత్రి 9కి ఆరుతుంది. స్కూలు నుంచి వచ్చాక చూసుకోవచ్చని ఆ వేళలు పెట్టింది. ఏ వేళైనా ఫర్వాలేదు, రోజూ అదే వేళకి జరిగితే చాలు.

డాలస్‌లో మధ్యాహ్నం 12 అంటే ఊళ్లో రాత్రి 10:30. జెట్‌లాగ్‌తో పిల్ల తెల్లవారుజామునే లేచి మంచం మీద కూర్చుని ఫోన్‌లో ట్యాంకు చూసుకునేది. ఆ వేళకి ఇంట్లో లేచి ఉండే ఇంకో మనిషి మా నాన్న, వనామీ రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ చూసుకోవడానికి.

"నిద్దర పట్టట్లేదా అమ్మడూ? రా, గట్టు దాకా పోయొద్దాం" అన్నారు. నేనూ వెనకాలే నడిచాను.

నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు హోరుమంటున్నాయి. ఇంత పొద్దున్నే ఎందుకు తాతయ్యా అని అడిగింది.

"పగలు ఎండకి నీళ్లలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తది. రాత్రికి అదీ మనలాగే పీల్చుకుంటది. తెల్లారేసరికి అడుగంటేస్తది. ఈ టయానికి చూసుకోకపోతే రొయ్య తేలిపోద్ది."

"నా ట్యాంక్‌లో కూడా రాత్రి పీహెచ్ పడిపోతుంది! లైట్ వచ్చే ముందు అన్నిటికంటే తక్కువ!"

"అదీ ఇదే లెక్క. రాత్రి అది పీల్చి వదిలే గాలికి నీళ్లు పులుపెక్కుతాయి, పీహెచ్ పడిపోటమంటే అదే" అన్నారు, ఆమె ఫోన్ అందుకుని కళ్లద్దాలు పైకి జరుపుకుంటూ. కోరల్ ఒంట్లోని నాచు కథంతా విన్నాక ఆయనకి భలే ఈర్ష్య పుట్టింది. "అంటే మేత లోపలే పండించుకుంటదా! మన రొయ్యకి ఆ తెలివి లేకపోయిందే." మేత ఖర్చు కట్టే రైతు కదా.

ఆదివారం వీడియో కాల్‌లో "తిన్నావా", "చదువుకుంటున్నావా" అయిపోయాక వీళ్లిద్దరికీ మాట తోచేది కాదు. తెలుగు తరగతికి పంపి అక్షరాలు నేర్పించాం, బాగానే చదువుతుంది. తాతయ్యతో గంటసేపు వాదించడానికి ఓ పని కూడా ఉండాలని మాకెవరికీ తోచలేదు.

అంతర్వేది తీసుకెళ్తే గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట మట్టిరంగు నీళ్లు చూసి మొహం చిన్నబుచ్చుకుంది. కాసేపాగి తనే చెప్పింది, ఇక్కడ కోరల్స్ బతకవని. ఒండ్రు వెలుతురుని అడ్డుకుంటుంది, నది నీళ్లు ఉప్పుని పల్చన చేస్తాయి. "ఆ ఒండ్రే లేకపోతే మన ఊరే లేదు" అన్నారు నాన్న. భీమవరం ఇంట్లోనూ కోరల్ ట్యాంకు పెడదామంది గానీ, రాతి పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, ఇక్కడ ఇంట్లో పెంచుకునేవి కావు.

రెండో వారంలో కెమెరాలో అద్దం మీద పచ్చటి పొర కనిపించింది. లైటు వెలిగే సమయాన్ని రోజుకి తొమ్మిది గంటల నుంచి ఏడు గంటలకి తగ్గించేస్తానంది. "తగ్గించు. అయితే మబ్బు పట్టిన రోజున నేను ముందు మేత తగ్గిస్తా. మీ పక్కింటాళ్లు ఎంత వేస్తున్నారో కనుక్కో" అన్నారు తాతయ్య. కనుక్కుంటే, చేపలు ఆకలితో చూస్తున్నాయని జాలిపడి రోజుకి మూడుసార్లు వేస్తున్నారట పాపం. తినగా మిగిలింది కుళ్లి నైట్రేట్ పెరిగితే నాచుకి పండగే. మేతా లైటూ రెండూ తగ్గాక పొర పల్చబడింది.

తిరిగొచ్చాక ఇప్పుడు కొత్త కోరిక. రాతి పగడాల్లో 200 దాటి పార్ కావాల్సిన రకాలు తెస్తుందట, దానికింకా ఖరీదైన లైటు కావాలట. నేను కుదరదన్నాను. ఫిర్యాదు భీమవరం వెళ్లింది. ఆర్నెల్లపాటు నీళ్లు నిలకడగా ఉంచి చూపిస్తే సగం డబ్బు ఆయనిస్తారట. నైట్రేట్, పీహెచ్ రీడింగులు వారం వారం ఆయన వాట్సాప్‌కి వెళ్తున్నాయి, నన్ను ఎవరూ అడగట్లేదు.