మైనస్ గుర్తు దగ్గర పోయిన మార్కులు

పరీక్ష మొదటి అటెంప్ట్‌లో కార్బన్ ఐసోటోపుల (తేలికైన కార్బన్-12, బరువైన కార్బన్-13) ప్రశ్న కనబడగానే లోపల సంబరపడ్డాను. వరి, గోధుమ లాంటి సీ3 మొక్కలకు డెల్టా విలువ (ఒక ప్రమాణ నమూనాతో పోలిస్తే కార్బన్-13 పాలు వెయ్యికి ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకె) మైనస్ 27, మొక్కజొన్న, చెరకు లాంటి సీ4కు మైనస్ 13 అని కంఠతా వచ్చు మరి. తీరా చూస్తే లెక్క ఇచ్చారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ డెల్టా విలువ మైనస్ 8, ఆకు లోపలి గాఢతకూ బయటి గాఢతకూ నిష్పత్తి 0.7, సీ3 ఆకు విలువ ఎంత? 22.6ను 0.7తో గుణించి 4.4 కలిపాను, 20.2 వచ్చింది. అక్కడిదాకా సరే. దాన్ని మైనస్ 8లోంచి తీసేయాల్సింది పోయి కలిపేసి, ప్లస్ 12 అని రాసి వచ్చాను! తీసేసి ఉంటే మైనస్ 28 దగ్గరికి వచ్చేది. కంఠతా పట్టిన మైనస్ 27తో ఒక్కసారి పోల్చుకున్నా తప్పు దొరికిపోయేది.

రెండోసారి అసలు ఆ మైనస్ ఎందుకొచ్చిందన్న దగ్గర మొదలుపెట్టాను. పోలికకు పెట్టుకున్నది పీడీ బెలెమ్నైట్ అనే సముద్రజీవి శిలాజం. (ఆ నమూనా ఎప్పుడో అయిపోయింది, పేరు మాత్రం నిలిచింది.) దానిలో కార్బన్-13 పాలు ఎక్కువ, మొక్కల్లో తక్కువ, అందుకే మైనస్. ఆ 4.4 పత్రరంధ్రంలోంచి వాయువు లోపలికి వ్యాపించేటప్పుడు వచ్చే తేడా. 22.6 అంటే సీ3 ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే ఎంజైమ్ రుబిస్కో తాలూకు 27లోంచి ఆ 4.4 తీసేసినది. రుబిస్కోకు తేలికైన కార్బన్-12 అంటేనే మక్కువ. సీ4లో మొదట పట్టుకునే ఎంజైమ్ పెప్ కార్బాక్సిలేజ్‌కు అంత పట్టింపు లేదు.

ఆకు మైనంతో మాత్రం జాగ్రత్త. లిపిడ్లు (మైనాలు, కొవ్వుల్లాంటివి) తయారయ్యేటప్పుడు కార్బన్-13 ఇంకా తగ్గుతుంది కాబట్టి సీ3 మైనంలో మైనస్ 30 దాటడం మామూలే. దాన్ని మొత్తం ఆకు పట్టికతో పోల్చకండి.

ఇదంతా వచ్చాక కార్బన్ చక్రానికి విడిగా చదవాల్సింది పెద్దగా మిగల్లేదు. బొగ్గు, చమురు పాత జీవుల కార్బనే, తేలికైనదే. వాటిని కాల్చేకొద్దీ గాలి విలువ పారిశ్రామిక యుగానికి ముందున్న సుమారు మైనస్ 6.5 నుంచి మైనస్ 8.5 దగ్గరికి దిగింది. రెండో అటెంప్ట్‌లో దీనికి కారణం అడిగి, ఆప్షన్లలో అగ్నిపర్వతాలు కూడా పెట్టారు. వాటి వాయువు మైనస్ 5 అటూఇటూ ఉంటుంది. దానితో గాలి విలువ అంత కిందికి ఎలా దిగుతుంది? ముందుగా ఆ ఆప్షనే కొట్టేశాను.