బరిలోకి దిగాక బేరం లేదు

పేరున్న కబడ్డీ రైడర్ కూతకు వెళ్తాడు. మధ్య గీత దాటి నింపాదిగా నడుస్తాడు. రైడర్ తప్పక దాటాల్సిన బాక్ లైన్ మీదుగా మొక్కుబడిగా ఒక అడుగు వేస్తాడు, అంచున నిలబడే డిఫెండర్, అంటే కార్నర్ వైపు ఒకసారి చెయ్యి విసురుతాడు, మిగతా సమయమంతా రిఫరీ చేతిలోని వాచీ చూసుకుంటూ కూతకిచ్చే ముప్పై సెకన్లు పూర్తి కాకముందే వెనక్కి వచ్చేస్తాడు. పాయింటు లేదు, ప్రయత్నమూ లేదు. కావలి, కందుకూరు, పొదిలి, దర్శి చుట్టుపక్కల ఊళ్ళల్లో పండగల పూట జరిగే కబడ్డీ పోటీల్లో "ఏందిరా ఆ ఆట!" అని జనం అరిచేది ఇట్టాంటప్పుడే. ఓడిపోతున్నందుకు కాదు ఆ కోపం. అదే మనిషి పక్క ఊళ్ళో పెద్ద ప్రైజుకి ఎట్టా ఆడాడో వాళ్ళకి తెలుసు కాబట్టి.

దీనికి ఆటగాళ్ళ వైపు నుంచి వచ్చే సమాధానం కూడా తెలిసిందే. "మీరిచ్చే డబ్బులకి ఇంతే వస్తది." ఈ మాటలో కొంత న్యాయం ఉంది, కొంత లేదు. రెండిటినీ విడదీయకుండా మాట్లాడుకుంటే గొడవ తెగదు.

నా లెక్క ఇది. తక్కువ డబ్బులకి రాననే హక్కు ఆటగాడికి పూర్తిగా ఉంది. మోకాలు బాగాలేదని ముందే చెప్పి బెంచీ మీద కూర్చునే హక్కూ ఉంది. కానీ మైకులో పేరు చదివించుకుని, జెర్సీ వేసుకుని, గీత లోపలికి వచ్చాక సగం ఆట ఆడే హక్కు లేదు. బేరమంతా గీత బయటే.

ఉచితంగా చూసే జనానికి ఏం బాకీ అనేవాళ్ళు ఉన్నారు. మన ఊరి టోర్నమెంట్‌కి టికెట్ ఉండదన్నది నిజమే. అయితే ఆ ప్రైజు మనీ ఎక్కణ్ణుంచి వచ్చింది? తీరం వెంబడి ఊళ్ళల్లో రొయ్యల చెరువుల వాళ్ళు, కందుకూరు వైపు పొగాకు రైతులు, చీమకుర్తి వైపు గ్రానైట్ మీద బతికే వాళ్ళు, చిన్న అంగళ్ళ వాళ్ళు రాయించిన చందా అది. రాయించినవాడు అదే గుంపులో, కుర్చీ దొరక్క నిలబడి చూస్తుంటాడు. టికెట్ కొన్నవాడికంటే ఇతనికే బాకీ ఎక్కువ.

ఇక అసలు చిక్కు. ఆటగాడు ఆడటం ఇష్టం లేక తగ్గించాడా, గెలుపు లెక్క ప్రకారమే తగ్గించాడా అన్నది ఎట్టా తెలియాలి? పాయింటు రాని ప్రతి కూతా సోమరితనం కాదు. ఎనిమిది పాయింట్ల ఆధిక్యం ఉండి, ఆట నాలుగు నిమిషాల్లో అయిపోతుందంటే ఖాళీగా తిరిగి రావడమే తెలివైన ఆట. అయితే వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింటు తేవాలి, లేకపోతే రైడర్ అవుట్. ఈ డూ ఆర్ డై నిబంధన పెట్టిందే కాలయాపనకి అడ్డుకట్ట వేయడానికి. దీన్ని అమలు చేయకుండా పోటీ నడిపించి, రైడర్లు కాలం గడిపేస్తున్నారని తిట్టడంలో అర్థం లేదు.

తేడా తెలియాలంటే పాయింట్ల పట్టీ చూడకండి, కాళ్ళు చూడండి. లెక్క ప్రకారం ఖాళీ కూత వేసేవాడి మోకాళ్ళు వంగి ఉంటాయి, బరువు ముందు పాదం మీద ఉంటుంది, కళ్ళు డిఫెండర్ల పాదాల మీద ఉంటాయి. ఒక్కడు తప్పటడుగు వేసినా తాకి వచ్చేయడానికి సిద్ధంగా ఉంటాడు. ఎదురుగా ఆరుగురో ఏడుగురో ఉంటే బోనస్ గీత మీదికి కాలు పోనిచ్చి చూస్తాడు. అది బాక్ లైన్ నుంచి ఒక్క మీటరే కదా. ఆడటం ఇష్టం లేనివాడు మడమల మీద నిటారుగా నిలబడతాడు. డిఫెన్సులో అయితే ఇంకా తేలిగ్గా పట్టుబడతారు. కార్నర్, పక్కవాడు చేతులు కలిపి గొలుసు కట్టాల్సిన చోట చేతులు వేలాడేసి ఉంటారు. కార్నర్ చీలమండ పట్టుకుంటాడు గానీ లోపలి వైపు నిలబడే కవర్ వచ్చి మీద పడడు. ఒంటిచేత్తో రైడర్‌ని ఆపడం కష్టమని ఇద్దరికీ తెలుసు. ఒక్కసారి జరిగితే పొరపాటు, నాలుగుసార్లు జరిగితే ఒప్పందం.

పెద్ద ఆటల్లోనూ ఇదే తగాదా. 2016 అక్టోబర్‌లో షాంఘై మాస్టర్స్ టెన్నిస్‌లో నిక్ కిర్గియోస్ మీషా జ్వెరెవ్ చేతిలో 48 నిమిషాల్లో 6-3, 6-1 తేడాతో ఓడిపోయాడు. సర్వీసు నెట్ మీదుగా ఊరికే తోసేసి, బంతి తిరిగొచ్చేలోపే కుర్చీ వైపు నడిచాడు. చూడమని నేనెవర్నీ పిలవలేదు, వాళ్ళకి నేనేమీ బాకీ లేను అన్నట్టు మాట్లాడాడు. పురుషుల టెన్నిస్ సంఘం ఏటీపీ ముందు 16,500 డాలర్లు, తర్వాత మరో 25,000 డాలర్లు జరిమానా వేసి, ఎనిమిది వారాలు నిషేధించింది. మానసిక నిపుణుణ్ణి కలిస్తే మూడు వారాలకి తగ్గిస్తామంది. 2019 వింబుల్డన్‌లో బెర్నార్డ్ టోమిచ్ 58 నిమిషాల్లో సోంగా చేతిలో ఓడితే, మొదటి రౌండు ప్రైజు మనీ 45,000 పౌండ్లు మొత్తం జరిమానా కింద పోయింది.

గట్టి శిక్షలే. కానీ అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌లో అన్నా టాటిష్‌విలి సంగతి చూడండి. చీలమండ ఆపరేషన్ తర్వాత చాలాకాలానికి ఆడిన మ్యాచ్‌లో 6-0, 6-1తో ఓడింది. ఆమెకీ ప్రైజు మనీ మొత్తం, 46,000 యూరోలు, జరిమానా వేశారు. అప్పీలులో అది రద్దయింది. స్కోరు చూసి ప్రయత్నం కొలవబోతే ఇట్టాగే బోల్తా పడతాం. మన ఊరి కమిటీలు కూడా "పది పాయింట్ల తేడాతో ఓడారు, డబ్బులివ్వం" అని గొడవకి దిగే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

డబ్బుతో సంబంధమే లేకుండా ఆట వదిలేసిన సందర్భం మన క్రికెట్‌లోనే ఉంది. 1975 జూన్ 7, లార్డ్స్, మొదటి ప్రపంచకప్. ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 కొట్టింది. సునీల్ గవాస్కర్ ఇన్నింగ్స్ మొదలుపెట్టి చివరిదాకా నిలబడి 174 బంతుల్లో 36 పరుగులు చేశాడు. భారత్ 3 వికెట్లకి 132. చేతిలో ఏడు వికెట్లున్నా 202 పరుగుల తేడాతో ఓడింది. ప్రతిభకి కొదవ లేదు, ప్రైజు తక్కువన్న గొడవా లేదు. గెలుపు అందనంత దూరంలో ఉందనుకున్నప్పుడు ఆటగాడి బుర్ర ఎటు పోతుందో చెప్పే ఉదాహరణగా దీన్ని చూస్తాను. ఎంత పెద్దవాడైనా సరే, ఆ రోజు చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఆ ఆట బాకీయే.

డబ్బు పెంచితే ఇదంతా సర్దుకుంటుందనే వాదన కూడా సగమే నిజం. బీసీసీఐ 2024 మార్చిలో టెస్టు ప్రోత్సాహక పథకం ప్రకటించింది. మ్యాచ్ ఫీజు 15 లక్షలు. సీజన్‌లో 75 శాతానికి పైగా టెస్టుల్లో తుది జట్టులో ఉంటే మ్యాచ్‌కి అదనంగా 45 లక్షలు. వేలంలో అమ్ముడుపోయాక కారణం లేకుండా తప్పుకునే విదేశీ ఆటగాడికి ఐపీఎల్‌లో రెండు సీజన్ల నిషేధం కూడా ఉంది. ఇవన్నీ మనిషిని మైదానం దాకా తెస్తాయి. వచ్చినవాడు రెండో పరుగు కోసం డైవ్ చేస్తాడా లేదా అన్నది వీటి చేతిలో లేదు.

నా అనుభవంలో ఎక్కువసార్లు తప్పు ఆటగాడిది కాదు, ఎవరికి ఎవరు తగలాలో డ్రా వేసినవాళ్ళది. 2012 లండన్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ మహిళల డబుల్స్ గుర్తుందా? క్వార్టర్స్‌లో తేలికైన జోడీ తగలాలని ఓడిపోవడానికి పోటీపడి, షటిల్‌ని కావాలని నెట్‌కి కొట్టిన నాలుగు జోడీలను, చైనా, ఇండోనేషియా, రెండు దక్షిణ కొరియావి, పోటీల నుంచి వెళ్ళగొట్టారు. అదే పోటీల్లో మన జ్వాల, అశ్విని గ్రూపులో ఒక్క పాయింటు తేడాతో వెనకబడ్డారు. అదే గ్రూపులోని జపాన్ జోడీ చైనీస్ తైపీతో సరిగ్గా ఆడలేదని భారత్ ఫిర్యాదు చేసినా చెల్లలేదు. ఆ తర్వాత బ్యాడ్మింటన్ సంఘం పద్ధతి మార్చింది. గ్రూపులు అయిపోయాక రెండో స్థానం వాళ్ళకి మళ్ళీ డ్రా తీయాలంది. ఎవరు తగులుతారో ముందే తెలియకపోతే ఓడి లాభపడే దారి మూసుకుపోతుంది.

ఈ మందు మన కబడ్డీకి అచ్చంగా సరిపోతుంది. పదహారు జట్లు, నాలుగు పూల్స్, పూల్‌కి నాలుగు జట్లు అనుకోండి. పూల్‌కి ఆరు చొప్పున లీగ్‌లో 24 మ్యాచ్‌లు. రెండేసి గెలిచిన జట్లకి మూడో మ్యాచ్ చాలాసార్లు నామమాత్రం. ఆట పడిపోయేది అక్కడే. క్వార్టర్ ఫైనల్ జతలు ముందే పాంప్లెట్‌లో అచ్చేయకండి. పూల్స్ అయ్యాక జనం ముందే చీటీలు తీయండి. రెండు కోర్టులుంటే ఒక పూల్ చివరి రెండు మ్యాచ్‌లు ఒకేసారి మొదలుపెట్టండి. 1982 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఇద్దరూ ముందుకెళ్ళడానికి సరిపోయే 1-0 దగ్గర ఆడటం మానేసి అల్జీరియాని ఇంటికి పంపిన తర్వాతే అక్కడ ఈ పద్ధతి వచ్చింది.

ప్రైజు పంపకంలోనూ లోపం ఉంటుంది. మొత్తమంతా మొదటి రెండు స్థానాలకి పోస్తే రెండు జబ్బులు వస్తాయి. లీగ్‌లో ఆశ పోయినవాడు ఆడడు. ఫైనల్‌కి వచ్చినవాళ్ళు షెడ్డు వెనక మాట్లాడుకుని, ఎవరు గెలిచినా సగం సగం అనుకుని బొమ్మలాట ఆడతారు. తేడా ఎంత పెద్దదైతే పంచుకోవాలన్న ఆశ అంత ఎక్కువ. చేతిలో రెండు లక్షలుంటే నేనైతే మొదటిది 80 వేలు, రెండోది 50 వేలు, సెమీస్‌లో ఓడిన రెండింటికీ 20 వేల చొప్పున పెడతాను. 24 లీగ్ మ్యాచ్‌లకి గెలుపుకి వెయ్యి చొప్పున 24 వేలు. మిగిలిన ఆరు వేలు ఉత్తమ రైడర్‌కి, ఉత్తమ క్యాచర్‌కి చెరి మూడు. లీగ్ వెయ్యి రూపాయలు మ్యాచ్ అవగానే కోర్టు పక్కనే చేతిలో పెట్టాలి, తెల్లారాక కాదు. తక్కువ తేడాతో ఓడినా ఫలం ఉండాలనుకుంటే, ప్రో కబడ్డీ లీగ్‌లో చాలా సీజన్ల పాటు ఏడు లేదా అంతకన్నా తక్కువ పాయింట్లతో ఓడిన జట్టుకి ఒక పాయింటు ఇచ్చేవారు. అది వాడుకోవచ్చు.

ఈ విషయంలో మన ఒంగోలు గిత్తల బండలాగుడు పందెం ఏర్పాటు ముచ్చటేస్తుంది. ఎడ్ల జత ఒంటరిగా వస్తుంది, ఎదురు బండ, గడియారం. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. అవతలివాడితో కుమ్మక్కు కావడానికి అవతలివాడే లేడు. అప్పటిదాకా లాగిన వాటిల్లో ఎక్కువ దూరం దాటేశాక యజమాని ఎడ్లని ఆపేసినా తప్పు పట్టడానికి ఏమీ ఉండదు.

అన్నిటికంటే పెద్ద దొంగ అలసట. ఆటగాడు ఆడట్లేదని జనం అరుస్తున్న మ్యాచ్ చాలాసార్లు ఆ రాత్రికి అతనికి నాలుగోది. సాయంత్రం ఆరింటికి మొదలవాల్సింది ముఖ్య అతిథి కోసం ఎనిమిదిన్నరకి మొదలవుతుంది, ఉపన్యాసాలు అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది, ఫైనల్ తెల్లవారుజామున నాలుగింటికి పడుతుంది. మంచుకి మ్యాట్ జారుతుంటుంది. ఆ స్థితిలో చీలమండ మీద దూకమంటే ఏ కార్నర్ దూకుతాడు? మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్, ఆపైన నెలల తరబడి ఇంటిపట్టున కూర్చోవడం. ఆ ఖర్చు కమిటీ పెట్టదు. ఆటగాడు చూసేవాళ్ళకి బాకీ పడింది ప్రయత్నం. మోకాలు కాదు.

అందుకే ఒక రాత్రికి ఒక జట్టుకి రెండు మ్యాచ్‌లు దాటకూడదు, మధ్యలో కనీసం గంట విరామం ఉండాలి. జట్లు ఎక్కువైతే సగానికి 20 నిమిషాల బదులు 15 పెట్టుకోండి గానీ ఇంకో మ్యాచ్ ఇరికించకండి. మ్యాట్ తుడవడానికి నాలుగు పొడి దుప్పట్లు, ఇద్దరు కుర్రాళ్ళు కోర్టు పక్కనే ఉండాలి. బయటినుంచి పిలిపించిన ఆటగాడికి మొత్తం ఫీజు ముందే ఇవ్వకండి, మొత్తం ఆపనూ వద్దు. దారి ఖర్చులు, సగం ఫీజు దిగగానే ఇచ్చి, మిగతాది మ్యాచ్‌ల లెక్కన ఇవ్వండి. గెలిస్తేనే ఇస్తామన్న షరతు మాత్రం పెట్టకూడదు. దెబ్బ తగిలినవాడు దాచిపెట్టి ఆడేది ఆ షరతు వల్లే. మ్యాచ్‌కి పది నిమిషాల ముందు కెప్టెన్‌ని పిలిచి ఎవరికి ఒంట్లో బాగాలేదో అడిగి, ఆ పేర్లు మైకులో చదివించండి. ఫలానావాడు భుజం నొప్పితో ఇవాళ ఆడట్లేదని ముందే తెలిస్తే మన జనం గొణుక్కుంటారేమో గానీ రాళ్ళు విసరరు.